జపాను పూతకు అంచనా

హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగితే ఎడమ చేతి వైపు ఒక పంక్చరు కొట్టు ఉంటుంది. ఏటా మే నెలలో ఆ కొట్టు నీడన, గోనెపట్టా మీద చిన్నరసాలు కుప్ప పోసుకుని ఒక పెద్దాయన కూర్చునేవాడు. మొన్న మే నెలలో నేను దిగేసరికి కొట్టు ఉంది, గోనెపట్టా గోడకి చుట్టిపెట్టి ఉంది, పండ్లూ లేవు, మనిషీ లేడు. కొట్టతన్ని అడిగాను. ట్యూబు నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూసుకుంటూ, తల ఎత్తకుండానే చెప్పాడు.

"పోయాడండి. పది రోజులైంది. రేపు పెద్దకర్మ, బాపులపాడులో కూతురింటి దగ్గర. మీరు ఏలూరు బ్యాంకాయన కదూ? మీకు మాత్రం మర్చిపోకుండా చెప్పమంది ఆ అమ్మాయి."

నాకు మాత్రం ఎందుకు చెప్పమందో ఆ పూట నాకు తోచలేదు. ఏటా కొనేవాణ్ణి కదా, అందుకేమో అనుకున్నాను.

ఆయన పేరు రాయను. రాస్తే నూజివీడు చుట్టుపక్కల మామిడి వర్తకులందరికీ ఆయన గుర్తొస్తాడు. ఆయన గుర్తొస్తే ఆయన గురించి వాళ్ళు చెప్పుకునే ఒక మాట కూడా గుర్తొస్తుంది. ఆ మాట అబద్ధం. ఆ అబద్ధం నాది. అందుకని పేరు వద్దు, మనిషిని మాత్రం చెప్తాను.

మా వైపు మామిడి తోటను కాయ చూసి కొనరు, పూత చూసి కొంటారు. మాఘమాసంలో చెట్టు మీద కాయ ఉండదు, పిందె ఉండదు, ఉత్త పూత. ఆ పూతలో ఎంత నిలుస్తుంది, ఎంత గాలికి పోతుంది, మే నెలలో ఆ తోటలోంచి ఎన్ని లారీలు లేస్తాయి అన్నది అప్పుడే చెప్పగలిగిన మనిషి కావాలి. షావుకార్లు బేరానికి కూర్చునే ముందు అలాంటివాణ్ణి వెంటబెట్టుకుని తోటకు వెళ్తారు. నూజివీడులో ఆ పని చేసేవాళ్ళు నలుగురైదుగురు ఉన్నా, మా మామయ్య నమ్మింది ఈయన్నొక్కణ్ణే. మా మామయ్య మామిడి షావుకారు. కన్నతల్లి చెప్పినా ఇంకొకళ్ళని అడిగి చూసుకునే రకం. ఈయన చెప్తే మాత్రం మారు మాట లేదు.

బక్కపలచటి మనిషి, మోకాళ్ళ మీదకి ఎగ్గట్టిన పంచె, నెత్తిన ఎర్ర తువ్వాలు. తోట గట్టు దగ్గరే చెప్పులు విడిచేవాడు. "ఇదేమన్నా గుడా బాబాయ్?" అని నేనొకసారి వేళాకోళం చేశాను.

"నేల తడి కాలికి తెలవాలి కదండీ. చెప్పులేసుకెళ్తే చెప్పులకి తెలుస్తది. నాకేం తెలుస్తది?" అన్నాడు.

తోటలో ఉన్నంతసేపూ నోరు విప్పేవాడు కాదు. గట్టు వార చెట్టొకటి, నడిమధ్య చెట్టొకటి, బావి పక్క చెట్టొకటి, మూడే చూసేవాడు. కింద రాలిన పూత గుప్పెడు తీసి, అరచేతిలో నలిపి వాసన చూసేవాడు. బయటికొచ్చి, పాదాలు దులుపుకుని, చెప్పులు తొడుక్కున్నాకే అంకె చెప్పేవాడు. ఆగలేక ముందే అడిగితే, గట్టు మీద నిలబడి, "ఇంకా తోటలోనే ఉన్నానండి" అనేవాడు. ఎంతటి షావుకారైనా ఆయన చెప్పుల కోసం కాచుకోవలసిందే. మే నెలలో లారీలు లెక్క చూస్తే ఆయన అంకెకు ఒకటి అటో ఇటో ఉండేది.

అలాంటి మనిషిని తీసుకొచ్చి మేము జపాను క్యాలెండరు ముందు నిలబెట్టాం.

ఎనభై రెండులో మామయ్యకు సినిమా తియ్యాలన్న పిచ్చి పట్టింది. నేను బి.కాం. అయ్యాక మద్రాసులో రెండు సినిమాలకు క్లాపు కొట్టి, మూడో దానికి ఎవరూ పిలవక ఇంటికొచ్చి కూర్చున్నాను. క్లాపు కొట్టినవాడికి సినిమా అంతా తెలుసని మా ఊళ్ళో అందరూ అనుకున్నారు, నేనూ కాదనలేదు. డైరెక్టరు మద్రాసు నుంచి వచ్చాడు. తెల్లప్యాంటు, తెల్లచొక్కా, తెల్లబూట్లు. మామయ్యతో కలిసి పంపుసెట్ల కొట్టుకు వెళ్ళిన చోట ఆయన గోడ మీద క్యాలెండరు చూశాడు. ఎవరో విదేశీ మోటార్ల కంపెనీ వాళ్ళది, పన్నెండు నెలలకీ పన్నెండు జపాను బొమ్మలు. ఏప్రిల్ కాగితం మీద ఆకు అన్నది కనపడకుండా లేతగులాబీ రంగులో విరగబూసిన చెట్లు, మధ్య చిన్న కాలువ.

"డ్యూయెట్టు ఇక్కడే తియ్యాలండి. లేకపోతే తియ్యకూడదు" అన్నాడు డైరెక్టరు.

మామయ్య కొట్టువాణ్ణి అడిగి క్యాలెండరే ఇంటికి తెచ్చేశాడు. అప్పటిదాకా ఆయన చూసిన దూరదేశం నాగపూర్.

ప్లానింగంతా మామిడి పాకలో జరిగింది. జనవరి కాబట్టి పాక ఖాళీగా ఉంది, మూలన పాత గంపలు, గడ్డి. గోడకున్న నల్లబోర్డు మీద నిరుటి వేసవి రాతలు అలాగే ఉన్నాయి: కలకత్తా లోడు, నాగపూర్ లోడు, ఢిల్లీ లోడు. మామయ్య వాటి కింద సుద్దముక్కతో 'జపాను లోడు' అని రాసి గీత కొట్టాడు. దాని కింద హీరో, హీరో తాలూకు మేకప్ మనిషి, హీరోయిన్, వాళ్ళమ్మ, కెమెరా ఆయన, ఆయన పెట్టెలు నాలుగు, డైరెక్టరు, డాన్సు మాస్టారు, మామయ్య, చివర నేను. స్వెట్టర్లు బెజవాడలో కొనాలి. ఆవకాయ జాడీలకు మూతి గుడ్డ రెండు మడతలు కట్టాలి, విమానంలో నూనె కారితే వాళ్ళు దింపేస్తారట. పాస్‌పోర్టు ఫోటోకి మామయ్య మూడుసార్లు కూర్చున్నాడు, మూడింట్లోనూ కళ్ళు మూసుకునే పడ్డాడు. హీరో డేట్లు ఏప్రిల్ ఇరవై నుంచి ఇచ్చాడు. అన్నీ కుదిరాయి. అయినా మామయ్య 'ఊఁ' అనడు.

"ఆయన్ని పిలిపించు. పూత విషయం" అన్నాడు నాతో.

డైరెక్టరు నవ్వు ఆపుకోవడానికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నేను ఆపుకోకుండానే నవ్వాను.

ఆయన వచ్చాడు. పాక గుమ్మంలో చెప్పులు విడిచి, క్యాలెండరు ముందుకొచ్చి నిలబడ్డాడు. తువ్వాలు నెత్తి మీంచి భుజం మీదకి దించాడు. బొమ్మను పైనుంచి కిందికి, కింద నుంచి పైకి, ఒక తోటంత సేపు చూశాడు. డైరెక్టరు వాచీ చూసుకున్నాడు. ఆయన గుమ్మం దాకా తిరిగి వెళ్ళి, చెప్పులు తొడుక్కుని, అక్కణ్ణుంచి మాట్లాడాడు.

"షావుకారుగారూ, ఈ బొమ్మలో నేల చూశారా? ఒక్క పువ్వు రాలి లేదండి. అంటే పూత ఆ రోజే విచ్చుకుంది. తీసినాయన సరిగ్గా ఆ రోజుకి వెళ్ళాడు. ఏప్రిల్ అంటే ముప్ఫై రోజులు. అందులో ఆ రోజేదో, విచ్చుకున్నాక చెట్టు మీద ఎన్నాళ్ళుంటదో తెలవకుండా ఎట్టా వెళ్తారండి?"

"ఏప్రిల్ అని వేశాడు కదయ్యా" అన్నాడు డైరెక్టరు.

"మనం మే నెల అని బంగినపల్లి బొమ్మేస్తామండి. మే ముప్ఫయ్యో తారీఖున వచ్చి బంగినపల్లి ఏదంటే ఏం చూపిస్తాం?"

మామయ్య తల పంకించాడు. "సరే, నువ్వే కనుక్కో. నువ్వు ఉందంటే వెళ్దాం, లేదంటే లేదు" అన్నాడు. సినిమా భారం అలా చదువురాని మనిషి నెత్తిన పడింది.

మర్నాడు ఆయన మా ఇంటికి వచ్చాడు. నేను ఊళ్ళో అందరికీ షావుకారుగారి మేనల్లుణ్ణి కాబట్టి నన్ను అల్లుడుగారు అనేవాడు. "అల్లుడుగారూ, మీ స్నేహితుడి అన్నగారెవరో జపానులో ఇంజనీరన్నారు కదా. ఆయనకో ఉత్తరం ముక్క రాయండి. రెండే మాటలు. పూత ఏ రోజుకి విచ్చుద్ది, ఎన్నాళ్ళు నిలుస్తది. మీకైతే పెద్ద పని కాదు" అన్నాడు. చెయ్యి పట్టుకుని అడిగాడు.

పోస్టాఫీసుకు వెళ్ళి, విదేశాలకు ఉత్తరం రాసే ఏరోగ్రామ్ కొన్నాను. పైన అడ్రసు కూడా రాశాను. అక్కడే ఆగిపోయాను. ఆయన మీద కోపం లేదు, బద్ధకమూ కాదు. నాకు విమానం ఎక్కాలని ఉంది. అంతే. జపాను నుంచి జవాబు ఇంకో రకంగా వస్తే హీరో డేట్లు కదుల్తాయి, హీరో డేట్లు కదిలితే ట్రిప్పే పోతుంది, ట్రిప్పు పోతే బోర్డు మీద చివరన ఉన్న నా పేరు తుడుచుకుపోతుంది. మద్రాసు నుంచి ఉత్త చేతులతో వచ్చినవాణ్ణి, ఊళ్ళో వాళ్ళ ముందు ఒక్కసారి సూటుకేసు పట్టుకుని నడవాలని ఉంది. ఆ ఏరోగ్రామ్ ఒక పుస్తకంలో పెట్టి, పుస్తకం పెట్టెలో పెట్టాను.

ఫిబ్రవరి ఆఖర్లో ఆయన మళ్ళీ వచ్చాడు. "జవాబేమన్నా వచ్చిందాండి?"

"వచ్చింది బాబాయ్. నెలన్నర పైనే ఉంటుందట. ఏప్రిలంతా ఢోకా లేదని రాశాడు" అన్నాను.

నెలన్నర అన్న మాట ఎక్కణ్ణుంచి తెచ్చాను? మన మామిడి దగ్గర్నుంచి. పూత అంటే ఏ దేశంలోనైనా మన తోటలో పూతే అనుకున్నాను. మామిడి ఊళ్ళో పుట్టినవాడి తెలివి అంతవరకే.

ఆయన ఆశ్చర్యపోయాడు. "నెలన్నరే? అంత పల్చటి రేకా!" అన్నాడు. కాసేపు నేలకేసి చూసి, "ఉత్తరంలో ఆ మాట ఉందాండి?" అని అడిగాడు.

"ఉంది బాబాయ్."

"ఉంటే ఇంకేం. చదువుకున్నాయన రాశాడు, చదువుకున్నాయన చదివాడు" అని నవ్వి లేచాడు. వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి తిరిగాడు. "వచ్చేటప్పుడు నాకు ఆ రాలిన పువ్వు గుప్పెడు తెండి అల్లుడుగారూ. వాసన చూస్తాను."

ఆ సాయంత్రమే మామయ్యకు మాట ఇచ్చేశాడు. ఉత్తరం సంగతి చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఆయనకు కనపడలేదు. మామయ్య అడిగింది అంకె, ఆయన చెప్పింది అంకె.

విమానం ఎక్కాను. సూటుకేసు పట్టుకుని నడిచాను. సిగ్గులేకుండా కిటికీ పక్క సీటు కూడా అడిగి తీసుకున్నాను.

జపానులో ఆ కాలువ ఉంది. బొమ్మలో ఉన్నట్టే ఉంది. చెట్ల నిండా పచ్చటి లేతాకులు. గట్టు వార గోధుమరంగు రేకులు మురికిలో కలిసిపోయి ఉన్నాయి, ఒకామె చీపురుతో ఊడ్చి బస్తాకెత్తుతోంది. మా వెంట ఉన్న గైడును అడిగితే రెండు వారాల కిందటే అయిపోయిందన్నాడు. ఎన్నాళ్ళుంటుందని అడిగాను. "ఒక వారం. వానపడితే అదీ లేదు" అన్నాడు. డైరెక్టరు తెల్లబూట్లతో ఆ కాలువ గట్టంతా అటూ ఇటూ తిరిగాడు. మామయ్య స్వెట్టరులో బిగుసుకుపోయి, ఒక చెట్టు మొదలు పట్టుకుని నిలబడ్డాడు. డ్యూయెట్టు చివరికి ఒక రైల్వే స్టేషను ముందూ, ఒక వంతెన మీదా తీశారు. నేను ఎవరూ చూడకుండా వంగి, ఊడ్చేసిన రేకులు గుప్పెడు కవర్లో వేసుకున్నాను.

తిరిగొచ్చేసరికి సీజను మొదలైంది. పాక నిండా కాయ, గడ్డి, జనం. బోర్డు మీద జపాను లోడు తుడిచేసి ఢిల్లీ లోడు రాశారు. ఆయన ఏదో తోట నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. ముందు నా మొహం చూశాడు, పువ్వు తెచ్చానేమోనని. మామయ్య అందరి ముందే అడిగాడు.

"ఏమయ్యా, ఏప్రిలంతా పూత ఉంటదన్నావు. మేం వెళ్ళేసరికి చెట్టు మీద రేకు లేదు. ఇదేనా నీ అంచనా?"

"లేదాండి?" అన్నాడాయన. నిజంగా తెలియనివాడి గొంతు అది. తర్వాత నా వైపు తిరిగి, "మరి ఆ..." అని ఆగాడు.

నా చేతిలో కాయ ఉంది. దాని తొడిమ దగ్గర కారిన జీడి తుడుస్తూ ఉండిపోయాను.

"ఏరా, నీకేమన్నా తెలుసా?" అన్నాడు మామయ్య నాతో.

"నాకేం తెలుసు మామయ్యా? బాబాయ్ ఉందంటేనే కదా మనం వెళ్ళింది" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఎవరూ బలవంతపెట్టలేదు, బెదిరించలేదు. మామయ్య నన్ను కొట్టేవాడు కాదు, ఇంట్లోంచి గెంటేవాడూ కాదు. నాలుగు తిట్లు తిట్టేవాడు. ఆ నాలుగు తిట్లు తప్పించుకోవడానికి అన్నాను.

ఆయన నన్ను చూశాడు. ఎంతసేపో కాదు, మూడు చెట్లు చూసేంత సేపు. తర్వాత గుమ్మం దాకా నడిచి, పాదాలు దులుపుకుని, చెప్పులు తొడుక్కుని చెప్పాడు.

"నా అంచనా తప్పిందండి షావుకారుగారూ."

ఆ మాట ఊరంతా తిరగడానికి పూట పట్టలేదు. మామిడి వర్తకంలో ఒక తోట అంచనా తప్పితే క్షమిస్తారు, నవ్వులపాలైన అంచనాను క్షమించరు. మరుసటి మాఘంలో మామయ్య ఇంకొకతన్ని వెంటబెట్టుకుని తోటకు వెళ్ళాడు. మిగతా షావుకార్లూ అంతే. "జపానులో పూత చూశావటగా" అని కుర్రాళ్ళ దగ్గర్నుంచి ముసలాళ్ళ దాకా అనడమే. తోటలో అడుగుపెట్టమని పిలిచేవాళ్ళు లేక ఆయన బాపులపాడు కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. వేసవిలో జంక్షన్‌లో కుప్ప పోసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. సినిమా ఎలాగూ ఆడలేదు. నేను పరీక్షలు రాసి ఏలూరులో బ్యాంకులో చేరాను. ఆ కవరు నా పెట్టెలోనే ఉండిపోయింది. ఇస్తే మాట్లాడాలి.

ఏడు వేసవులు ఆయన దగ్గరే పండ్లు కొన్నాను. ఎందుకు కొన్నానంటే, కొంటే కొంత బాకీ తీరుతున్నట్టు ఉండేది. నన్ను చూడగానే తువ్వాలుతో పట్టా దులిపి కూర్చోమనేవాడు. ఒక్కో పండూ బొటనవేలితో తొడిమ దగ్గర నొక్కి, "ఇది రేపు తినండి, ఇది ఎల్లుండి, ఇది లక్ష్మివారం" అని విడివిడిగా కట్టి ఇచ్చేవాడు. లక్ష్మివారం అన్నది బుధవారం కోస్తే పుల్లగా ఉండేది, శుక్రవారానికి మెత్తబడేది. అంచనా తప్పిన మనిషట!

కట్టడం అయ్యాక, చేతులు ఒళ్ళో పెట్టుకుని, "ఇంకేంటండి అల్లుడుగారూ?" అనేవాడు.

"ఏముంది బాబాయ్, మామూలే."

కాసేపు రోడ్డు మీద లారీల కేసి చూసేవాడు. మళ్ళీ, మెల్లగా, "ఇంకేంటండి?" అనేవాడు. ఆయనకు అది ఊతపదమనుకున్నాను. ఈలోగా ఏలూరు బస్సు వచ్చేది, నేను సంచి పట్టుకుని పరుగెత్తేవాణ్ణి. కొన్నిసార్లు బస్సు రాకపోయినా వచ్చినట్టే లేచేవాణ్ణి.

పెద్దకర్మకు వెళ్ళాను. పందిరి కింద విస్తళ్ళు వేశారు. నూజివీడు నుంచి ఇద్దరు ముగ్గురు పాత షావుకార్లు వచ్చారు. మా మామయ్య పోయి రెండేళ్ళయింది. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి పప్పులో నెయ్యి కలుపుకుంటూ అన్నాడు.

"ఎంత గొప్ప కన్నండీ! మళ్ళీ అలాంటివాడు పుట్టడు. జీవితంలో ఒక్కసారే తప్పింది, ఆ జపాను దగ్గర."

వరసలో నలుగురూ అభిమానంగానే నవ్వారు. చెప్పేయాలి అనుకున్నాను. తల ఎత్తేసరికి ఎదురుగా ఆయన కూతురు, మామిడిపండ్ల బుట్ట చంకన పెట్టుకుని, నా విస్తరి ముందు ఆగి ఉంది. పండు వెయ్యలేదు. నన్నే చూస్తోంది. నేను విస్తట్లోకి చూశాను. అప్పుడు పండు వేసి ముందుకు వెళ్ళింది.

చేతులు కడుక్కునే చోట ఆ అమ్మాయే చెంబుతో నీళ్ళు పోసింది. పోస్తూ చెప్పింది. గొంతులో కోపం లేదు.

"ఉత్తరం సంగతి మాకు తెలుసండి అన్నయ్యగారూ. పాకలో ఆ మాట పడ్డ మర్నాడే నాన్న పోస్టుమాన్‌ని అడిగాడు. జపాను నుంచి మన ఊరికి ఏ ఉత్తరమూ రాలేదన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు మాతో. వయసులో ఉన్నోడు, మేనమామ దగ్గర చిన్నబోతాడు, తనే చెప్తాడు, కాస్త టైం పడుద్ది అన్నాడు. ఏటా మీరు బస్సెక్కాక ఇంటికొచ్చి అదే మాట అనేవాడండి. ఈ ఏడూ పిందె పట్టలేదే అమ్మా, వచ్చే ఏడు పడుద్దిలే అని."

చెంబులో నీళ్ళు అయిపోయాయి. ఆ అమ్మాయి ఖాళీ చెంబు పట్టుకుని అక్కడే నిలబడింది. వాళ్ళ నాన్నలాగే రోడ్డు కేసి చూస్తూ నిలబడింది. పందిట్లో ఆ పెద్దమనిషి ఇంకా తింటున్నాడు. పది అడుగుల దూరం. ఒక్క కేక వేస్తే వినపడుతుంది.

"జంక్షన్‌కి బస్సెన్నింటికమ్మా?" అన్నాను.

"పావుగంటలో ఉందండి" అంది.

బస్సులో కూర్చున్నాక ఆ అమ్మాయి ఇచ్చిన పండ్ల సంచి ఒళ్ళో పెట్టుకున్నాను. ఏ పండు ఏ రోజు తినాలో ఎవరూ చెప్పలేదు. ఆ పెద్దమనిషి అన్న మాటే దారంతా చెవిలో ఉంది. ఆయన అంచనా ఒక్కసారి తప్పిన మాట నిజమే. అది జపాను పూత దగ్గర కాదు, ఏడు వేసవులు నా దగ్గర.